ఫోటోలో పడని సగం ఇంటి గురించి

కొత్తరేవు,
ఆదివారం.

గౌరవనీయులైన రెవెన్యూ డివిజనల్ అధికారి వారి సముఖమునకు,

కొత్తరేవు బస్టాండు ఎదుట గల సమాధానం డిజిటల్ స్టూడియో యజమానియు, ఒక దినపత్రికకు పదిహేడేళ్లుగా ఫోటోలు పంపుచున్నవాడును అగు బి. సమాధానం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా, లేక అమ్మా (గత ఆరు నెలల్లో తమ కుర్చీలో ముగ్గురు మారినందున, ఈ కాగితం చేరేనాటికి ఎవరుంటారో తెలియక రెండూ వ్రాయడమైనది),

విషయం: కొత్తరేవు మండలం పీతలదిబ్బ పట్టపుపాలెం నివాసి నాగులమ్మ ఇంటికి తుపాను సహాయం కింద సగం కప్పు మాత్రమే వేయుట, మిగతా సగం ఫోటోలో లేదనుట, సదరు ఫోటో తీసినవాడు నేనే అగుట – గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. కార్తీకంలో తుపాను దాటిన మర్నాడు ఉదయం పత్రిక డెస్కు నుండి హరినాథ్ గారు నాకు ఫోన్ చేశారు. "సమాధానం గారూ, పీతలదిబ్బలో ఇళ్లు లేచిపోయాయంట. పది గంటలకల్లా ఫోటో కావాలి. కన్నీళ్లు ఉండాలి" అన్నారు. పీతలదిబ్బకు పోయే దారిని ఉప్పుటేరు ముంచేసి ఉంది. నేను కెమెరాను అన్నం వండే డేకిసాలో పెట్టి, మూతను తాడుతో బిగించి, నెత్తిన పెట్టుకుని రొమ్ముల లోతు నీళ్లలో నడిచి పోయాను. ఆ డేకిసా నా భార్య విజయకుమారిది. అది ఎందుకు సొట్టపడిందో ఆమెకు ఇంతవరకు తెలియదు. ఈ పేరా ఆమె కంట పడకుండా చూడవలెనని ప్రత్యేకముగా కోరుచున్నాను.

నేను పత్రికకు జీతగాడిని కాను. కంట్రిబ్యూటరు అంటారు. గుర్తింపు కార్డు లేదు. ఊళ్లోవాళ్లకు నేను పత్రిక మనిషిని, పత్రికవాళ్లకు నేను ఊళ్లో మనిషిని, పోలీసువారికి నేను ఎవరినీ కాను. ఉప్పుగాలికి కెమెరా బటను ఒక్కోసారి నొక్కినా పలకదు, ఒక్కోసారి నొక్కకుండానే పలుకుతుంది. ఇవి నా సొంత కష్టములు. వీటిపై చర్య కోరుట లేదు.

2. పీతలదిబ్బ తూర్పు వరుసలో ఇళ్లు ఐదు. ఐదింటి కప్పులూ గాలికి లేచిపోయాయి. నా ఫోటోలో ముందు, అదే వరుసలో ఉండే గంగులయ్య భార్య తల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తూ ఉంటుంది, వెనక కప్పులేని ఇళ్లు ఉంటాయి. అది జిల్లా పేజీలో పైన అచ్చయింది. మండల కార్యాలయం వారు వెంటనే స్పందించారు. ఎనిమిదో రోజుకల్లా ట్రాక్టరులో రేకులు దిగాయి. పదిహేడేళ్లలో నా ఫోటో చూసి ఇంత త్వరగా పని జరగడం నేను ఎరగను. గర్వపడ్డాను. ఆ గర్వం మధ్యాహ్నం భోజనాల వేళ వరకు ఉంది.

రేకులు వేయవచ్చిన పనివాళ్ల చేతిలో నా ఫోటో ఉన్న పేపరు ముక్క ఉంది. దాన్ని చూసుకుంటూ నాలుగు ఇళ్లకు కప్పు వేశారు. ఎడమ చివరిది నాగులమ్మ ఇల్లు. ఆమెకు అరవై అయిదేళ్లు, భర్త సముద్రంలో పోయాడు, ఒంటరి మనిషి. ఆ ఇంటికి ఆరు రేకులు బిగించి పనివాళ్లు దిగిపోయారు.

"అన్నానికి దిగినారా నాయనా?" అని నాగులమ్మ అడిగింది.

"అయిపోయిందమ్మా."

"యాడ అయిపోయింది? సగమే కదా కప్పినారు?"

వాళ్లు పేపరు చూపించారు. "నీ ఇల్లు ఇంతే పడిందమ్మా."

"మొత్తం పడింది కదయ్యా!"

"ఇల్లు మొత్తం పడిందిలేమ్మా. పేపర్లో సగమే పడింది."

తమరు ఇది నేను కల్పించి రాశానని అనుకోవచ్చును. నేను అక్కడే ఉన్నాను. ఆమె సముద్రం వైపు సగానికి ఆకాశమూ, ఊరి వైపు సగానికి రేకులూ ఉన్న ఇంటి నడుమ నిలబడి, ఒకసారి పైకీ ఒకసారి నా వైపూ చూసింది. నాగులమ్మ ఇల్లు ఫోటోలో సగమే రావడానికి కారణం, డెస్కువారు రొయ్యల మేత ప్రకటన కోసం ఫోటోను కత్తిరించుట. ఆ మాటే ఆమెకు అప్పుడు చెప్పాను.

3. మరుసటి సోమవారం కొత్తరేవు మండల కార్యాలయంలో గుమాస్తా నరేంద్రబాబు గారిని కలిశాను. ఆయన మంచివారు. కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఇంతకు ముందు నేను పెట్టిన మూడు అర్జీలకు జవాబు లేకపోవడం గురించి, "మీ పేరే సమాధానం కదా, వేరే సమాధానం ఎందుకు?" అని నవ్వారు. నేను కూడా నవ్వాను. అది నాకు చిన్నప్పటి నుంచి అలవాటే.

తర్వాత ఫైలు తెరిచి, "చూడండి, పత్రికలో వచ్చిన నష్టానికి చర్య తీసుకోమని మాకు ఆర్డరు. వచ్చిన నష్టం నాలుగున్నర ఇళ్లు. నాలుగున్నరా చేశాం. మీరు వచ్చి అయిదంటున్నారు, మీ ఫోటో నాలుగున్నర అంటోంది. నేనెవరి మాట నమ్మాలి?" అన్నారు.

"నా మాట నమ్మండి సార్."

"ఫోటో కూడా మీ మాటే కదండీ?"

"మీవాళ్లు ఎవరూ పోయి చూడలేదా?"

"దారెక్కడుంది? మీ ఫోటో వచ్చింది కదా, ఇంకెందుకులే అని ఆగిపోయాం."

అనగా నా ఫోటోను నమ్మి వారు ఊరు చూడడం మానుకున్నారు. నా పనికి ఇంతకన్న పెద్ద మెచ్చుకోలు ఎవరూ ఇవ్వలేదు. దానివల్ల ఒకామె వానలో తడుస్తున్నది.

4. బుధవారం వాన పడింది. గురువారం ఉదయం నేను స్టూడియో షట్టరు ఎత్తేసరికి నాగులమ్మ మెట్ల మీద ఉంది. ఒక గోతంలో ఎండుచేపలు, చంకలో ఒక కోడిపెట్ట.

"కప్పున్న సగంలో పడుకున్నాను అబ్బయా. వాన కప్పులేని సగంలో నుంచి వచ్చింది. దానికి నీ పేపరు సంగతి తెలవదు మరి" అన్నది. "నా ఇంట్లో సగం నువ్వు కోసేసినావు. ఆ సగం నాకు వచ్చేదాకా నీ ఇంట్లో ఉంటా."

"పెద్దమ్మా, కోసింది నేను కాదు, డెస్కు."

"ఆ డెస్కెవరో నేను చూడలా. నిన్నే చూసినాను."

నా భార్య విజయకుమారి స్టూడియో వెనకే ఉన్న మా ఇంట్లో నుంచి వచ్చి, "రా పెద్దమ్మా, కాళ్లు కడుక్కో" అని ఆమెను లోపలికి తీసుకుపోయింది. ఆనాటి నుండి నేటికి ఇరవై నాలుగు రోజులు. పాస్‌పోర్టు ఫోటోలకు వాడే లైటు స్టాండు మీద ఎండుచేపల దండలు వేలాడుచున్నవి. నీలం తెర వెనక కోడి గుడ్లు పెట్టుచున్నది. ఉద్యోగ దరఖాస్తుకు ఫోటో దిగవచ్చిన ఒక యువకుడు తన ముఖం అట్లా చిట్లించినట్టు పడటానికి వాసనే కారణమని డబ్బు వాపసు అడిగి పోయినాడు. అయితే నిజం వ్రాయవలెను గనుక వ్రాయుచున్నాను: ఏడ్చే పసిపిల్లలను ఫోటోకు కుదురుగా కూర్చోబెట్టడంలో నాగులమ్మను మించినవారు ఈ మండలంలో లేరు. ఆమె కోడిని చూపిస్తుంది, పిల్లలు నోరు తెరిచి చూస్తారు, నేను బటను నొక్కుతాను, అది పలికితే పని అయిపోతుంది.

5. నేను ఊరుకోలేదు. పీతలదిబ్బకు మళ్లీ పోయి, సగం రేకులతో నిలబడిన ఇంటిని ఫోటో తీసి పంపాను. ఈసారి ఇల్లు మొత్తం పడేటట్టు, అటు పది గజాలు, ఇటు పది గజాలు వదిలి తీశాను. లోపలి పేజీలో చిన్నదిగా వచ్చింది. మండల కార్యాలయం వారు మళ్లీ వెంటనే స్పందించారు. తీసుకున్న చర్యల నివేదిక ప్రతిని నాకు కూడా పంపారు. అందులో ఉన్నది ఉన్నట్లు:

"సదరు ఫోటోలో వెనుక వాలియున్నట్లు కనిపించిన విద్యుత్ స్తంభము సరిచేయబడినది. సదరు ఫోటోలో కుడివైపు కనిపించిన కుక్కకు పశువైద్య సిబ్బందిచే టీకా వేయించబడినది. సదరు ఇంటి విషయమై ఫోటోను పరిశీలించగా, ఇంటికి కప్పు ఉన్నట్లు స్పష్టముగా కనిపించుచున్నది."

కప్పు ఉన్నది సార్. సగం ఉన్నది. ఉన్న సగం కనిపించుచున్నది, లేని సగం లేదు గనుక కనిపించుట లేదు. లేనిదాన్ని ఫోటో తీయడం ఎట్లాగో పదిహేడేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నాను, ఇంకా రాలేదు.

6. కుక్కకు సూది పడిన సంగతి పాలెం అంతా తెలిసిపోయింది. ఆ తరువాత నేను అక్కడికి పోతే, బండి స్టాండు వేయకముందే జనం వరుస కట్టారు. ఒకాయన విరిగిన ఇంజను ఫ్యాను తెచ్చాడు. ఒక ముసలాయన కన్ను వెడల్పు చేసి పొర చూపించాడు. బడి పంతులమ్మ కారుతున్న గదిని తేలేదు కాబట్టి ఆ గది తలుపు ఊడదీసి పిల్లలతో మోయించుకొచ్చింది. గంగులయ్యా, ఇంకో ముగ్గురూ కలిసి చిల్లిపడిన పడవను ఇసకలో ఈడ్చుకొచ్చారు.

"అన్నా, నాగులమ్మవ్వ ఇల్లు తీసేటప్పుడు నా పడవని కూడా ఓ మూల పెట్టన్నా. పెద్దగా యేం వద్దు, చిల్లి కనపడితే చాలు" అన్నాడు గంగులయ్య.

"అట్లా తెచ్చిపెట్టి తీయకూడదు గంగులయ్యా. ఎక్కడ ఉన్నది అక్కడే, ఉన్నది ఉన్నట్టే తీయాలి. మా వృత్తి ధర్మం అది."

"కుక్కకి సూది వేయించినావు. నా పడవ కాడికి వచ్చేతలికి ధర్మం అడ్డమొచ్చిందా?"

పడవ ఫోటో తీయకుండా వచ్చేశాను. నలుగురూ దాన్ని మళ్లీ రేవుకు ఈడ్చుకుపోవడం వెనక్కి తిరిగి చూస్తూ వచ్చాను. ఉన్నది ఉన్నట్టు తీసేవాడిని నేను, అని మనసులో అనుకుంటూ వచ్చాను. ఆ మాట ఎంతవరకు నిజమో తరువాతి పేరాలో వచ్చును.

7. పై రెండవ పేరాలో, డెస్కువారు ప్రకటన కోసం ఫోటోను కత్తిరించారని వ్రాసితిని. అది అబద్ధము. వారు కత్తిరించింది పైన ఆకాశం మాత్రమే. రొయ్యల మేత ప్రకటన కిందికి పోయినవి నాలుగు మబ్బులు. హరినాథ్ గారికి ఇందుమూలముగా క్షమాపణ చెప్పుకొనుచున్నాను.

మొన్న శుక్రవారం విజయకుమారి ఏదో పెళ్లి ఫోటో కోసం కంప్యూటరులో వెతుకుతూ తుపాను ఫోటోల ఫోల్డరు తెరిచింది. అందులో అచ్చయిన ఫోటోకు ముందు తీసిన ఫోటో ఒకటి ఉంది. అందులో అయిదు ఇళ్లూ ఉన్నాయి. నాగులమ్మ ఇల్లు గోడ నుంచి గోడ దాకా ఉంది. కప్పులేని గుమ్మంలో నాగులమ్మ నిలబడి ఉంది. పొట్ట పట్టుకుని, ఉన్న ఆరు పళ్లూ కనపడేటట్టు పగలబడి నవ్వుతోంది.

విజయకుమారి నన్ను పిలవలేదు. నాగులమ్మను పిలిచింది. నేను వచ్చేసరికి ఇద్దరూ ఆ ఫోటో ముందు కూర్చుని ఉన్నారు.

"ఇది నేనేనా అమ్మీ? ఇట్టా ఉండానా నేను?" అంటోంది నాగులమ్మ.

"ఇది పంపలేదేం?" అని నా భార్య నన్ను అడిగింది.

జరిగింది చెప్పక తప్పలేదు. ఆ రోజు ఆ ఫోటో తీసి, తెర మీద చూసుకున్నాను. గంగులయ్య భార్య ఏడుస్తోంది, పక్కన ఈమె నవ్వుతోంది. హరినాథ్ గారు కన్నీళ్లు అడిగారు. "పెద్దమ్మా, కొంచెం లోపలికి పో, ఫోటోలో పడుతున్నావు" అన్నాను. "నా గుమ్మంలో నేను నిలబడకూడదా?" అని ఆమె కదల్లేదు. అప్పుడు కెమెరాను కొద్దిగా కుడికి తిప్పాను. బెత్తెడు. ఆ బెత్తెడులో ఆమె పోయింది, ఆమెతో పాటు సగం ఇల్లు పోయింది. పడవను తెచ్చి పెట్టడం ధర్మం కాదని గంగులయ్యకు చెప్పిన నేనే మనిషిని తీసి పక్కన పెట్టాను.

నీలం తెర వెనక కోడి గట్టిగా అరిచింది.

"అంత నవ్వు ఎందుకు వచ్చింది పెద్దమ్మా ఆ రోజు?" అని విజయకుమారి అడిగింది.

"మా ఆయన పెట్టె తల్లీ" అన్నది నాగులమ్మ. "తాళం వేసిన ఇనప పెట్టె. బతికినన్నాళ్లు నన్ను తాకనీలా. తాళంచెవి మొలతాడుకే ఉండేది, ఆయనతో పాటే సముద్రంలో పోయింది. పద్దెనిమిదేళ్లు ఆ పెట్టెకి కాపలా కాసినాను. యేం దాచినాడో, పగలగొడితే పాపమేమో అని. తుపానుకి దూలం పడి పెట్టె పగిలింది. చూస్తే ఒక దువ్వెన ఉండాది. దువ్వెన, తల నూనె సీసా. మా ఆయనకి పెళ్లి నాటికే నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు!"

ఆమె మళ్లీ నవ్వింది. విజయకుమారి కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అది చూసి నాగులమ్మ నా వైపు తిరిగి, కోపం లేకుండా, "ఏడవమంటే ఏడ్చేదాన్ని కదబ్బా. అడగాల్సింది" అన్నది.

పదిహేడేళ్లలో నన్ను పోలీసులు తోశారు, రాజకీయ నాయకుల మనుషులు కెమెరా లాక్కున్నారు, ఒకసారి ఒక పెళ్లికొడుకు కొట్టాడు. ఏదీ ఇంతగా తగల్లేదు. అర్జీలో ఇటువంటివి వ్రాయరాదని తెలుసును. కానీ ఇది వ్రాయకుండా తక్కినవి వ్రాస్తే, అది కూడా కెమెరాను కుడికి తిప్పడమే అవుతుంది.

8. మర్నాడు ఆ ఫోటోను పత్రికకు పంపాను. హరినాథ్ గారు ఫోన్ చేసి, "ఫోటో బ్రహ్మాండంగా ఉంది సమాధానం గారూ. కానీ తుపాను వచ్చి నెల దాటిపోయింది. పైగా సోమవారం షార్‌లో రాకెట్టు. పేజీలన్నీ దానికే. మీరు సూళ్లూరుపేట వచ్చేయండి, రాకెట్టు చూసే జనాల ఫోటోలు కావాలి. మొహాలు నవ్వుతూ ఉండాలి" అన్నారు. నేను రానని చెప్పాను. ఇది నేను పత్రికకు రానని చెప్పిన మొదటిసారి.

అదే ఫోటోను నరేంద్రబాబు గారికీ చూపించాను. ఆయన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇది అచ్చు కాలేదు కాబట్టి పరిగణించలేం. అచ్చయినా కూడా... ఈమె నవ్వుతోంది కదండీ. నష్టపోయిన లబ్ధిదారు అని దీని కింద ఎట్లా రాయను?" అన్నారు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "మీరు పెద్దసారుకే పెట్టుకోండి. నేను చెప్పానని చెప్పకండి" అన్నారు. కావున ఆయన చెప్పినట్లు నేను ఇందులో వ్రాయుట లేదు.

పై కారణములచేత తమరిని ప్రార్థించునది:

క) నాగులమ్మ ఇంటికి మిగిలిన ఆరు రేకులు వేయించవలెను. ఆమె ఆ రోజు నవ్వినందున నష్టం తగ్గలేదని గుర్తించవలెను.

ఖ) పీతలదిబ్బకు తమరో, తమవారెవరో ఒకసారి స్వయముగా రావలెను. ఇప్పుడు ఉప్పుటేరులో నీళ్లు మోకాలి లోతే. ఆ రోజు నేను కెమెరా తీసుకురాను. పేపరు ముక్క చేతిలో లేకుండా, అటూ ఇటూ తల తిప్పి చూసిన యెడల, గంగులయ్య పడవ, బడి గది, ముసలాయన కన్ను అన్నీ ఎక్కడ ఉన్నవి అక్కడే కనబడగలవు.

గ) కుక్క ఆరోగ్యముగా ఉన్నది. ధన్యవాదములు.

ఇందులోని తప్పు సగం తమ కార్యాలయముది, సగం నాది. నా సగం నేను ఒప్పుకొన్నాను. తక్కిన సగమును తమరు చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడనే అయినను ఇకపై ఫోటోకు ముందు ఒక మాట అడిగి తీయ నిశ్చయించుకొన్నవాడు,
బి. సమాధానం

జతపరచినవి: అచ్చయిన ఫోటో ఒకటి, అచ్చుకాని ఫోటో ఒకటి.

తాజా కలం: సార్, లేక మేడమ్, పైదంతా పొద్దున రాసి పెట్టాను. పోస్టులో వేసేలోపు గంగులయ్య వచ్చాడు. గాలి ఎక్కువగా ఉండి ఈ రోజు ఎవరూ వేటకు పోలేదంట. "మా అవ్వని ఎన్నాళ్లు ఉంచుకుంటావన్నా, పంపించు" అని అడిగాడు. పాలెంవాళ్లంతా కలిసి తాటాకు కోసి పెట్టారు. మేం ముగ్గురం ఆయన వెంట పోయాం. మధ్యాహ్నానికల్లా సముద్రం వైపు సగం కూడా కప్పేశారు. విజయకుమారి ఆకులు అందించింది. నాగులమ్మ కింద నిలబడి ఎవరెక్కడ సరిగా కట్టలేదో చెబుతూ ఉంది. ఒక సగం రేకులు, ఒక సగం తాటాకు. చూడటానికి వింతగా ఉంది కానీ కారదు.

ఇప్పుడు తమరు వస్తే ఇంటికి పూర్తి కప్పు కనిపిస్తుంది. అర్జీ పరిష్కారమైనదని రాసుకుంటారేమో. దయచేసి రాసుకోకండి సార్. ఆ తాటాకు వచ్చే వానాకాలం దాకా ఆగదు.

కప్పు వేసినట్టు రుజువుగా ఫోటో ఏదని నరేంద్రబాబు గారు అడుగుతారు. లేదు. నేను అక్కడే ఉన్నాను, వెలుతురు కూడా బాగుంది, అటువంటి ఫోటో మళ్లీ దొరకదు. కానీ ఇసకలో నిచ్చెన జారిపోతూ ఉంది, నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. గంగులయ్య బరువైన మనిషి.